వెలుగెంత, చీకటెంత: సినిమా లైటింగ్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం లైటింగ్ గురించే. కెమెరాల గురించి, లెన్సుల గురించి అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. లైటు గురించి ఇంతమంది అడగడం మాత్రం నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే తెర మీద మనల్ని కదిలించే వాటిలో సగం పని లైటే చేస్తుందని నా గట్టి నమ్మకం. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: సగం ముఖం చీకటిలో ఉంటే ఆ పాత్ర చెడ్డదని, నీలం లైటంటే విషాదమని, పసుపు లైటంటే ఆనందమని ఒక వీడియోలో చెప్పారు. ఏ లైటుకి ఏ అర్థమో ఒక పట్టికలా ఇవ్వగలరా? – డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు

ఇవ్వలేను, ఇవ్వకూడదు కూడా. అలాంటి పట్టిక దగ్గర పెట్టుకుని సినిమా చూస్తే మీకు పట్టికే కనిపిస్తుంది, సినిమా కనిపించదు. సగం ముఖం చీకటిలో ఉన్నవాడు హంతకుడు కావచ్చు, ప్రేమలో పడి ఆ మాట చెప్పలేకపోతున్నవాడు కావచ్చు, పిల్లాడు నిద్రపోయాడని పెద్ద లైటు ఆర్పేసి పక్కనే కూర్చున్న తండ్రి కూడా కావచ్చు. నీడన్నదే లేకుండా తెల్లగా వెలిగిపోతున్న గది పిల్లల పుట్టినరోజు సందడికీ పనికొస్తుంది, ఆపరేషన్ థియేటర్ బయట ఎదురుచూస్తున్న మనిషి భయానికీ పనికొస్తుంది.

మరి అర్థం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ సినిమాలో అంతకుముందు మనం చూసిన లైటుకీ, ఇప్పుడు చూస్తున్న లైటుకీ ఉన్న తేడా నుంచి. గంటసేపు ఒక ఇంటిని వెచ్చటి వెలుగులో చూపించి, ఆ తర్వాత అదే గదిలో అదే కుర్చీ దగ్గర ఆ వెచ్చదనం తీసేశారనుకోండి, ఒక్క డైలాగ్ లేకుండానే ఏదో పోయిందని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. ఆ చల్లటి లైటు మొదటి సీన్ నుంచీ ఉండి ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు, అది ఆ ఇంటి మామూలు లైటు, అంతే.

ఒక చిన్న సీన్ తీసుకుందాం. ఒకావిడ కిటికీ పక్కన కూర్చుని ఉత్తరం చదువుతోంది. గదిలోకి కిటికీ లోంచి తప్ప ఇంకెక్కడి నుంచీ వెలుగు రావడం లేదు, కాబట్టి కిటికీ వైపు చెంప వెలుగులో ఉంది, ఇటువైపు చెంప నీడలో ఉంది. ఆ నీడ ఎంత చిక్కగా ఉండాలన్నది కెమెరామన్ చేతిలో ఉంటుంది. నీడవైపు, ఫ్రేమ్‌లో పడకుండా, ఒక తెల్లటి థర్మోకోల్ షీటు పట్టుకుంటే కిటికీ వెలుగే దాని మీద పడి తిరిగొచ్చి ఆ చెంపని కాస్త తేలుస్తుంది. ఉత్తరంలో ఏముందో మనకి తెలియకపోయినా, పెద్ద ప్రమాదమేమీ లేదులే అనిపిస్తుంది. ఆ షీటు తీసేసి అదే చోట నల్ల గుడ్డ కడితే గదిలో అటూ ఇటూ తిరుగుతున్న కొద్దిపాటి వెలుగుని కూడా ఆ గుడ్డ మింగేసి, ఆ చెంప దాదాపు కనిపించకుండా పోతుంది. నటి ముఖంలో ఒక్క గీత కూడా మారలేదు, కానీ ఇప్పుడు ఆమె ఏదో దాస్తోందనిపిస్తుంది. తర్వాత ఆమె ఉత్తరం మడిచి కిటికీ వైపు చూసిందనుకోండి, ముఖం మొత్తం వెలుగులోకి వస్తుంది, ఏదో తేల్చుకుందని మనకి అర్థమవుతుంది. అలా కాకుండా గదిలోకి తిరిగిందనుకోండి, ముఖం చీకట్లోకి వెళ్లి జుట్టు అంచు మాత్రం మెరుస్తూ మిగులుతుంది. లైటు ఎక్కడా కదల్లేదు, మనిషి కదిలింది. అందుకే మంచి కెమెరామన్లు లైట్లు దింపకముందే రిహార్సల్ చూడాలంటారు. నటులు ఎక్కడ ఆగుతారో, ఎటు తిరుగుతారో తెలియకుండా పెట్టిన లైటు అందంగా ఉండొచ్చేమో గానీ సీన్‌కి పనికిరాదు.

అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 1972లో వచ్చిన 'గాడ్‌ఫాదర్'లో సినిమాటోగ్రాఫర్ గోర్డన్ విల్లిస్, మాఫియా పెద్దగా నటించిన మార్లన్ బ్రాండో మీదికి లైటుని నెత్తి పైనుంచి వేశాడు. దాంతో కనుబొమ్మల నీడ కళ్ల గుంటల్లో పడి చాలా షాట్లలో ఆ కళ్లు సరిగ్గా కనిపించవు. బ్రాండోకి వేసిన ముసలి మేకప్‌కి ఆ లైటు బాగా కుదరడం కూడా దానికి ఒక కారణం. అవసరం కోసం మొదలైంది అర్థంగా మారింది: ఎదుటి మనిషి కళ్లు చూసి మనసు అంచనా వేయడం మనకి అలవాటు కదా, ఆ దారి మూసేసరికి వాడి మనసులో ఏముందో అని మనం ముందుకి వంగి చూస్తాం. పైగా ఆ సినిమా మొదట్లో కథ చీకటి గదికీ, బయట ఎండలో జరుగుతున్న పెళ్లికీ మధ్య అటూ ఇటూ తిరుగుతుంది. ఆ ఎండ లేకపోతే ఆ గది అంత భయపెట్టేది కాదు.

ప్రశ్న: కింద నుంచి లైటు వేస్తే ఎంత మంచి ముఖమైనా దయ్యంలా ఎందుకు కనిపిస్తుంది?

ఎండైనా ఇంట్లో బల్బైనా మనకి వెలుగు పైనుంచే వస్తుంది. నుదురు, ముక్కు, చెంప ఎముకలు వెలుగులో ఉండటం, కళ్ల గుంటలు, గడ్డం కింద నీడలో ఉండటం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. కింద నుంచి వేస్తే ఆ లెక్కంతా తారుమారై, తెలిసిన ముఖమే గుర్తుపట్టలేనట్టు అవుతుంది. మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో 'నేచర్' పత్రికలో దీనికి దగ్గర విషయమే రాశారు: నీడలు అద్దిన గుండ్రటి బొమ్మలు చూపిస్తే, పైభాగం వెలుగ్గా ఉన్నవి ఉబ్బెత్తుగా, కిందిభాగం వెలుగ్గా ఉన్నవి గుంటల్లా కనిపిస్తాయి. అంటే లైటు పైనుంచే వస్తుందని మెదడు ముందే నిర్ణయించేసుకుంటుంది.

అలాగని కింది లైటు ప్రతిసారీ భయపెట్టదు. మంట చుట్టూ కూర్చున్న స్నేహితుల ముఖాల మీదా, మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్న అమ్మాయి ముఖం మీదా వెలుగు కింద నుంచే పడుతుంది. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే ప్రేక్షకుడు మామూలుగా తీసుకుంటాడు, తెలియకపోతేనే టెన్షన్.

ప్రశ్న: సినిమాల్లో రాత్రి సీన్లన్నీ నీలంగా ఎందుకుంటాయి? మా డాబా మీద వెన్నెల ఎప్పుడూ నీలంగా కనిపించలేదు.

మీ కళ్లు సరిగ్గానే ఉన్నాయి. వెన్నెలంటే చంద్రుడి మీద పడి తిరిగొచ్చిన ఎండే, పరికరంతో కొలిస్తే అది ఎండ కంటే కొంచెం ఎరుపు వైపే ఉంటుంది. కానీ మసక వెలుతురులో మన కళ్లకి ఎరుపు రంగులు నల్లబడతాయి, నీలం ఆకుపచ్చ వైపు రంగులు కాస్త వెలుగ్గా కనిపిస్తాయి. దీన్నే పుర్కింజే ప్రభావం అంటారు. రాత్రి నీలంగా ఉంటుందన్న భావనకి ఆ మాత్రం ఆధారం ఉంది.

మిగతాదంతా సినిమావాళ్ల అలవాటు. మూకీల కాలంలో ఫిల్ముకి రాత్రిపూట చాలేంత శక్తి లేక పగలే తీసి, రాత్రి సీన్ల ప్రింటుని నీలం రంగులో ముంచేవాళ్లు. కలర్ వచ్చాక ఇంకో కారణం తోడైంది. లైటు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ పసుపు నుంచి నీలం వైపు వెళుతుంది. పాతకాలపు టంగ్‌స్టన్ లైటు (తీగ వేడెక్కి వెలిగే పసుపు బల్బు) రంగు 3200 కెల్విన్, పగటి వెలుగు 5600 కెల్విన్ అని లెక్క. కెమెరాని టంగ్‌స్టన్‌కి సెట్ చేస్తే పగటి వెలుగు నీలంగా పడుతుంది. అలా సెట్ చేసి, ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుగు మోతాదు) తగ్గించి, ఆకాశం ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకుంటే మధ్యాహ్నమే రాత్రయిపోయేది. చూసి చూసి ప్రేక్షకుడికి అదే రాత్రి అయింది.

అయితే నీలం లేకపోతే వెన్నెల ఉండదనుకోకండి. 1957 నాటి 'మాయాబజార్' నలుపు తెలుపు సినిమా. అందులో 'లాహిరి లాహిరి లాహిరిలో' పాట చూడండి, మార్కస్ బార్‌ట్‌లీ కెమెరా పనితనం అది. నీలానికి చోటే లేని చోట వెన్నెల కురిసిందని అందరం నమ్మాం, ఇప్పటికీ నమ్ముతున్నాం. ఎక్కడ వెలగాలి, ఎక్కడ మసకగా ఉండిపోవాలి అన్న నిష్పత్తి కుదిరితే రంగుతో పనిలేదు. ఇప్పటి సినిమాల్లో కొన్నిటికి ఆ ఓపిక లేక ఫ్రేమ్ మొత్తాన్ని నీలంలో ముంచేస్తున్నారు, నాకు అది నచ్చదు. నీలం పక్కన ఒక చిన్న పసుపు దీపమైనా ఉంటేనే ఆ నీలం చల్లగా అనిపిస్తుంది.

ప్రశ్న: టీవీ సీరియల్స్ ఎంత ఖర్చు పెట్టినా సినిమాలా కనిపించవెందుకు? కెమెరాలు ఇప్పుడు దాదాపు ఒకటే కదా.

కెమెరా ఒకటే కావచ్చు, టైమ్ ఒకటి కాదు. సినిమాలో ఒక్కో షాట్‌కీ లైటు మార్చుకుంటారు. సీరియల్‌లో ఒకేసారి రెండు మూడు కెమెరాలు తిరుగుతుంటాయి, రోజుకి తీయాల్సిన పేజీలు చాలా ఎక్కువ. ఒక కెమెరాకి అందంగా కనిపించే నీడ పక్క కెమెరాకి ముక్కు మీద మచ్చలా పడుతుంది. కాబట్టి ఎటునుంచి చూసినా తప్పు లేకుండా పైనుంచి అంతటా సమానంగా లైటు పరిచేస్తారు.

ఈ పద్ధతిని గాడిలో పెట్టినవాళ్లలో కార్ల్ ఫ్రాయిండ్ పేరు ముందు చెప్పుకోవాలి. 1927 నాటి జర్మన్ మూకీ 'మెట్రోపోలిస్'కి కెమెరా పనిచేసినవాళ్లలో ఒకడైన ఆయన, వెలుగు నీడలతో ఆడుకున్న మనిషి, 1951లో మొదలైన అమెరికన్ టీవీ కామెడీ 'ఐ లవ్ లూసీ' కోసం మూడు ఫిల్ము కెమెరాలు ఒకేసారి నడిచేలా, ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని చూసేలా సమానమైన లైటింగ్ కుదిర్చాడు. కామెడీకి అది మేలే చేసింది. నటులు ఎక్కడ పడినా, ఎక్కడ లేచినా ముఖం కనిపించాలి, నవ్వు పండాలంటే ఆ స్వేచ్ఛ ఉండాలి. సమానమైన లైటు తప్పని నేను అనను. చావు వార్తకీ, అత్తాకోడళ్ల గొడవకీ, సరదా కబురుకీ ఒకే లైటు వాడినప్పుడే నష్టం: ముఖాల్లో ఉన్న తేడా గదిలో ఉండదు, ఆ లోటు పూడ్చడానికి మ్యూజిక్ అంత గట్టిగా మోగాల్సి వస్తుంది.

ప్రశ్న: ఓటీటీలో కొన్ని సిరీస్‌లు అసలు కనిపించనంత చీకటిగా ఉంటున్నాయి. నా టీవీ పాడైందా?

పాడవ్వలేదు. సిరీస్ తీసేవాళ్లు కలర్ గ్రేడింగ్ (షూటింగ్ అయ్యాక రంగులూ వెలుగూ సరిదిద్దడం) చేసేది దాదాపు చీకటి గదిలో, ఖరీదైన మానిటర్ మీద. మీరు చూసేది లైటు వేసుకున్న హాల్లో. దానికితోడు ఇంటర్నెట్‌లో పంపడానికి డేటా కుదించేటప్పుడు ముందు దెబ్బతినేవి చీకటి భాగాల్లోని సన్నటి తేడాలే, అందుకే నల్లటి చోట్ల గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రాత్రి యుద్ధం ఎపిసోడ్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఇదే ఫిర్యాదు చేసింది.

గదిలో లైటు ఆర్పండి, టీవీలో కరెంటు ఆదా చేసే మోడ్ తీసేయండి, ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ సినిమా మోడ్ గానీ ఉంటే పెట్టండి. అప్పటికీ కనిపించకపోతే తప్పు తీసినవాళ్లది, ఇందులో నాకు మొహమాటం లేదు. ఫ్రేమ్‌లో ఎక్కడో ఒకచోట గట్టిగా వెలిగేది ఉండాలి, తలుపు సందులోంచి పడే గీతైనా సరే, తడి రోడ్డు మీద మెరుపైనా సరే. దాని పక్కన ఉన్నప్పుడే నలుపు నలుపుగా కనిపిస్తుంది. అది లేకపోతే అంతా బూడిద రంగు బురద.

ప్రశ్న: షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాను. నా దగ్గర ఒక ఎల్ఈడీ లైటు, గదికి ఒక కిటికీ ఉన్నాయి. ఎంత లైటు పెంచినా సీన్ ఫ్లాట్‌గానే వస్తోంది. ఇంకో లైటు కొనాలా?

కొనకండి. ముందు గదిలో పైనున్న ట్యూబ్‌లైటు ఆర్పండి. మీ సమస్యలో సగం అదే అయ్యుంటుంది. సీన్ ఫ్లాట్ అవడం, అంటే వెలుగు నీడల తేడా లేక చదునుగా కనిపించడం, లైటు తక్కువై కాదు, అన్ని వైపుల నుంచీ రావడం వల్ల అవుతుంది.

తర్వాత నటుణ్ణి గోడకి ఆనుకుని నిలబెట్టడం మానేయండి, వీలైనంత ముందుకి లాగండి. లైటు దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది, ఈ ఒక్క సూత్రం మీ జేబులో ఇంకో లైటున్నట్టే. ఉదాహరణకి గోడకి ఆరడుగుల ముందు నటుణ్ణి నిలబెట్టి, పక్క నుంచి కాకుండా ఎదురుగా మూడడుగుల దూరంలో లైటు పెట్టారనుకోండి. గోడకి తొమ్మిదడుగులు, అంటే ముఖం మీద పడేదాంట్లో గోడకి చేరేది తొమ్మిదో వంతే. గోడ చీకట్లోకి వెళ్లిపోతుంది, మనిషి ఒంటరిగా కనిపిస్తాడు. అదే లైటుని పన్నెండడుగులు వెనక్కి తీసుకెళితే గోడకి దాదాపు సగం వెలుగు చేరుతుంది, మనిషి ఆ గదిలో మనిషిలా కలిసిపోతాడు. లైటు ఒకటే, సామాన్లు అవే, ఒకసారి ఒంటరితనం, ఒకసారి మామూలు సాయంత్రం. ఏది కావాలో మీ కథ చెప్పాలి.

నీడ అంచులు మరీ పదునుగా ఉన్నాయంటే లైటు నటుడికి చిన్నదిగా కనిపిస్తోందని అర్థం. సూర్యుడు ఎంత పెద్దవాడైనా అంత దూరం నుంచి మనకి చిన్న బిళ్లలా కనిపిస్తాడు, అందుకే ఎండ నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. మబ్బు పట్టగానే ఆకాశమంతా లైటైపోతుంది, నీడ కరిగిపోతుంది. మీ ఎల్ఈడీని నటుడి మీదికి కాకుండా తెల్ల గోడ మీదికో దుప్పటి మీదికో తిప్పండి, ఆ గోడే మీ లైటవుతుంది. 1956లో సత్యజిత్ రే సినిమా 'అపరాజితో'కి సినిమాటోగ్రాఫర్ సుబ్రత మిత్ర చేసింది ఈ పనే, పెద్ద ఎత్తున. కాశీలోని ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. లోగిలిలోకి ఆకాశం నుంచి దిగే నీడల్లేని వెలుగు స్టూడియో లైట్లతో రాదని ఆయనకి దిగులు. చివరికి సెట్ పైన తెల్లటి గుడ్డ పరిచి, కింద నుంచి లైట్లు దాని మీదికి కొట్టి, తిరిగొచ్చిన వెలుగులో సీన్లు తీశారు. అది సెట్ అని కనిపెట్టడం కష్టం.

కిటికీ వెలుగూ ఎల్ఈడీ కలిపి వాడితే ఎల్ఈడీని 5600 కెల్విన్‌కి పెట్టుకోండి, లేకపోతే ముఖంలో ఒకవైపు పసుపు, ఒకవైపు నీలం పడుతుంది. కావాలని చేస్తే బాగానే ఉంటుంది, తెలియక చేస్తే తెలిసిపోతుంది. ఫ్రేమ్‌లో గీతలు కదులుతుంటే షట్టర్‌ని (ఒక్కో ఫ్రేమ్‌కి కెమెరా వెలుగు తీసుకునే సమయాన్ని) కరెంటు ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు మార్చండి, 50 హెర్ట్జ్ అయితే సెకనులో 1/50 పెట్టండి. చివరగా క్లోజప్‌లో నటుడి కళ్లలో ఒక చిన్న చుక్క వెలుగు ఉందో లేదో ప్రతి షాట్‌కీ చూసుకోండి. ఆ చుక్క ఉంటే మనిషి ప్రాణంతో ఉంటాడు. చివరి సీన్‌లో పాత్ర లోలోపల చచ్చిపోయిందని చూపించాలంటే అక్కడ తీసేయండి, కానీ అప్పటివరకూ ఉంచితేనే తీసేసిన సంగతి తెలుస్తుంది.

ప్రశ్న: నాది బాగా నలుపు. మా నాటక బృందం వెబ్ సిరీస్ తీస్తోంది. రాత్రి సీన్లలో నేను కనిపించడం లేదని నాకు మేకప్‌తో రంగు పెంచుతున్నారు. కెమెరాకి ఇది తప్పదంటున్నారు, నిజమేనా? – ఒక నటి

నిజం కాదు. ఈ ఉత్తరం చదివాక నాకు బాధేసింది, కోపమూ వచ్చింది.

కెమెరా అలాగే ఉంటుందన్న మాట వెనక ఒక చరిత్ర ఉంది. ఫిల్ము తయారుచేసే కోడాక్ సంస్థ, కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన కార్డుల మీద దశాబ్దాలపాటు తెల్లజాతి మోడల్ ఫోటోనే ఉండేది. వాటిని షర్లీ కార్డులనేవాళ్లు. ఆ చర్మం బాగా వస్తే ఫోటో బాగా వచ్చినట్టు. చాక్లెట్లూ చెక్క సామానూ అమ్మే కంపెనీలు ముదురు గోధుమ రంగులు ఫోటోల్లో సరిగ్గా రావడం లేదని ఫిర్యాదు చేశాక కోడాక్ ఫిల్మ్ మీద ఆ దిశగా పని మొదలుపెట్టింది. మనుషుల కోసం ముందే జరగాల్సిన పని అది. ఇప్పటి డిజిటల్ కెమెరాలు నీడలో చాలా వివరం పట్టుకోగలవు, కాబట్టి ఇప్పుడు మిగిలింది లైటు వేసేవాళ్ల అలవాటు మాత్రమే.

నల్లటి చర్మం మీద ముఖం ఆకారాన్ని చూపించేది ఎక్కువగా మెరుపు. దాని మీదికి నేరుగా లైటు గుప్పిస్తే చర్మం బూడిదబారుతుంది, వెనక గోడ వివరమేమీ లేకుండా తెల్లబారిపోతుంది. బదులుగా ఒక పెద్ద తెల్లటి గుడ్డనో థర్మోకోల్‌నో వెలిగించి, దాని ప్రతిబింబం చెంప ఎముక మీదా, నుదుటి అంచు మీదా, మెడ వంపు మీదా పడేలా పక్కకి పెట్టాలి. అంత ప్రకాశం అక్కర్లేదు, పెద్దదిగా ఉండాలి. అమెరికన్ సిరీస్ 'ఇన్‌సెక్యూర్'కి కెమెరా పనిచేసిన ఏవా బెర్కోఫ్‌స్కీ ఇలాంటి పద్ధతే వివరించింది. నటుల చర్మం వెలుగుని ప్రతిఫలించేలా మాయిశ్చరైజర్ కూడా వాడేవాళ్లు. పౌడర్ అద్ది ఆ మెరుపుని చంపేయడమంటే కెమెరాకి దొరికే ఆధారాన్ని తీసేయడమే. మీ వెనక ఉన్న గోడనీ, మీ బట్టల రంగునీ ఒక మెట్టు ముదురుగా ఎంచుకుంటే ఎక్స్‌పోజర్‌ని మీ ముఖానికి పెట్టుకోవచ్చు. తెల్ల గోడ ముందు నిలబెట్టి గోడకి ఎక్స్‌పోజర్ పెడితే ఎవరి ముఖమైనా మునిగిపోతుంది.

మీ బృందాన్ని షూటింగ్‌కి ముందు ఒక గంట అడగండి. రంగు మేకప్ ఏదీ లేకుండా, కొద్దిగా మాయిశ్చరైజర్ రాసుకుని, ముదురు రంగు గోడకి దూరంగా కూర్చోండి. మీకు ఒక పక్కగా, భుజానికి కొంచెం వెనక నుంచి పెద్ద తెల్ల గుడ్డని వెలిగించమనండి, ఎదురుగా ఏ లైటూ వద్దనండి. ఎక్స్‌పోజర్ మీ చెంపకి పెట్టి ఒక షాట్ తీయమనండి. తర్వాత మేకప్ వేసి ఎప్పటిలాగే ఇంకో షాట్. రెండూ పక్కపక్కన పెట్టి అందరూ కలిసి చూడండి. ఆ రెండు షాట్ల ఫలితం నాకు కూడా రాసి పంపండి, వచ్చే సంచికల్లో దాని మీదే మాట్లాడుకుందాం.